ఎండ చూడని ఉమె కాయలు

దహనశాల ఇనుప తలుపు మూసుకున్నప్పుడు చప్పుడు కాలేదు. కుజేకి ముందుగా ఏవగింపు కలిగించింది అదే. అంత బరువైన తలుపు, అంత పెద్ద పని చేసే తలుపు, ఖరీదైన హోటల్లో లిఫ్టు తలుపులా మెత్తగా జారివచ్చి, చివరి క్షణంలో నెమ్మదించి, ఎవరినీ నిద్ర లేపకూడదన్నట్టుగా గోడకి అంటుకుంది. తెల్ల చేతితొడుగుల ఉద్యోగి నడుము దాకా వంగి, "సుమారు గంట పడుతుందండి. పైన విశ్రాంతి గదిలో కూర్చోండి" అన్నాడు. విశ్రాంతి. మిడిల్ స్కూల్లో పిల్లలకి భాష చెప్పి చెప్పి పట్టుకున్న జబ్బు ఇది, ఎవరేం మాట్లాడినా ఏదో ఒక మాట కింద ఎర్ర గీత పడుతుంది. ఎవరికి విశ్రాంతి? లోపల భార్య మిసావోకా, పైన తమకా? లోపల ఉన్నది మిసావో అనడానికి కూడా ఇప్పుడు లేదు. గుడివారు నిన్న ఆమెకి చనిపోయినవాళ్ళకి ఇచ్చే కొత్త పేరు ఇచ్చారు. నల్ల పలక మీద బంగారు అక్షరాల్లో, పొడుగ్గా, చందనం వాసన వేసే పేరు. ఆ పేరు పెట్టి పిలిస్తే వంటింట్లోంచి ఎవరూ పలకరు. ఆ పలక కూతురు చిగుసా చేతుల్లో ఉంది, ఆమె ముందు నడుస్తోంది, మెట్ల మీద పరిచిన ముదురు ఎరుపు తివాచీలో చెప్పుల చప్పుడు కూడా మునిగిపోతోంది, ఈ భవనంలో ఏదీ దేన్నీ గట్టిగా తాకదు, అంతా మెత్తన, అంతా నున్నన, ఎక్కడా చేతికి ఆనే గరుకు లేదు. రోత, అనుకున్నాడు కుజే. కాదు, రోత అంటే వాసన ఉండాలి. ఇక్కడ వాసన కూడా లేదు. వెగటు. అవును, వెగటు. తీపి ఎక్కువైతే పుట్టేది.

గదిలో పొట్టి బల్లలు, బల్లల మీద భోజనం డబ్బాలు, సీసాల్లో బీరు, పొడి కలిపి చేసిన టీ. కిటికీ అవతల ఆగస్టు చివరి ఎండలో కీచురాళ్ళు గోల పెడుతున్నాయి, గాజు ఇవతలికి ఆ గోల దూదిలో చుట్టినట్టు వస్తోంది. అక్క హత్సుయే అప్పటికే డబ్బా మూత తీసింది. "తినరా తమ్ముడూ. ఏడవాలన్నా కడుపులో ఏదో ఒకటి ఉండాలి. నువ్వెలాగూ ఏడవవు, తినైనా తిను." మూత తీశాడు, ఆమె మాట కాదనడం కంటే అది తేలిక. అన్నానికీ చేపముక్కకీ మధ్య ఒక పచ్చని ఆకు నిలబెట్టి ఉంది. ప్లాస్టిక్ ఆకు. అంచున గడ్డిపోచల్లా కత్తిరించిన కొనలు. ఒకప్పుడు అక్కడ నిజంగా వెదురాకు ఉండేది, అన్నం పాసిపోకుండా అది కాసేది, ఒకదాని పులుసు మరొకదానికి తగలకుండా అడ్డుపడేది. ఇప్పుడు ఆకు చేసే పని పోయింది, ఆకు వేషం మిగిలింది. ఏ యంత్రమో గంటకి వేలకి వేలు కత్తిరిస్తుంది వీటిని, ఎవరూ తినరు, ఎవరూ చూడరు, కానీ లేకపోతే ఏదో లోటుగా ఉంటుందని పెడతారు. కుజే దాన్ని తినే పుల్లలతో తీసి మూత మీద పెట్టాడు. జిడ్డు అంటుకుని మెరుస్తోంది. మిసావో అయితే దాన్ని కడిగి, ఆరబెట్టి, "ఇది చావదు కదా, ఏం చేద్దాం దీన్ని" అని డ్రాయరు తెరిచి నిలబడేది. చావనివాటి కోసం ఆమె ఒక డ్రాయరు ఉంచింది, రబ్బరు బ్యాండ్లు, ప్లాస్టిక్ ఆకులు, సోయా రసం వచ్చే చేప బొమ్మ సీసాలు, వాటన్నిటి మీద ఆమెకి కోపం కాదు, జాలి. పగలడం తెలియనివాటికి పాపం ఎవరూ అక్కర్లేదు అనేది. ఆమె పెరిగిన ఇంట్లో అన్నీ పగిలేవే.

పగిలేవాటిలో ఒకటి ఇంకా పగలకుండా తన వంటింట్లో, తొట్టి కింద నీడలో ఉంది. ఆమె పెళ్ళికి పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఊరగాయ జాడీ. ఇవామి కొండల్లో వాళ్ళ నాన్న చేసింది, తేనె కాచినట్టుండే గోధుమరంగు, మూత ఎప్పుడో పగిలిపోతే దాని స్థానంలో బజారులో కొన్న తెల్ల పళ్ళెం. ఏటా జూన్ వానల్లో అందులో ఉమె కాయలు, పెద్ద రేగుల్లా ఉండే పుల్లటి కాయలు, ఉప్పేసి, రాయి పెట్టి ఊరేసేది. ఈ జూన్‌లోనూ వేసింది. ఉప్పు నీరు పైకొచ్చాక ఎర్ర ఆకు నలిపి పోసింది, వానలు వెనకబట్టి కాయలు ఎండబెట్టడానికి ఎండ కాసే రోజు కోసం చూస్తుండగా కడుపునొప్పి అంది, ఆసుపత్రిలో చేరింది, మరి రాలేదు. మొన్న, ఆమెకి చివరిగా తొడిగే దుస్తులు వెతుకుతూ వంటింట్లోకి వెళ్ళి, ఎందుకో తెలియదు, కుజే ఆ పళ్ళెం ఎత్తి చూశాడు. పైన తెల్లటి బూజు. పొరలా, మడతలు పడి, ముసలివాళ్ళ చర్మంలా. కింద ఎర్రని నీళ్ళు కదలకుండా. వాసన ముక్కులోకి కాదు, దవడల కిందికి వెళ్ళి కూర్చుంది. పళ్ళెం మూసేశాడు. చెయ్యి సబ్బుతో కడిగాడు, మళ్ళీ కడిగాడు. ఆమె వేసిన కాయల మీద తనకి అసహ్యం పుట్టింది. ఈ మాట ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. భార్య పోయినవాడు ఏడవచ్చు, తాగచ్చు, గోడకేసి చూడచ్చు, భార్య చేతి ఊరగాయ చూసి డోకు వచ్చిందని చెప్పకూడదు. అప్పటి నుంచి లోకంలో ప్రతిదాని మీదా అదే పొర కనిపిస్తోంది, తలుపు మీద, తివాచీ మీద, ఓదార్చే మాటల మీద, ఈ చేపముక్క మీద.

"అందరూ ఒకసారి ఇటు చూడాలి" అన్నాడు మిసావో అన్నగారు యసోజి.

తెల్లవారకముందే బయలుదేరి, రైళ్ళు మారి, ఒడిలో పెట్టుకుని తెచ్చాడు ఒక పెట్టెని. ముదురు నీలిరంగు నేత బట్టల్లో వచ్చాడు, కుండలు చేసేవాళ్ళు పనిలో వేసుకునే రకం, కాకపోతే వీటికి ఒక్క మట్టి మరక లేదు, ఇస్త్రీ మడత మోకాలి దగ్గర కత్తిలా నిలబడింది. వాళ్ళ నాన్న కుండల బట్టీ ఇప్పుడు అతనిదే. బట్టీ పక్కన గాజు గోడల ప్రదర్శనశాల, దానికి పక్కన కాఫీ గది. తేలికైన కిరి చెక్కతో చేసిన పెట్టె తాడు విప్పాడు, పసుపు గుడ్డ తీశాడు, లోపలి నుంచి చెల్లెలి అస్థికల కోసం తన చేతులతో చేసిన జాడీ పైకి తీసి బల్ల మధ్యలో పెట్టాడు. కుజే బంధువుల్లో ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు. అందంగా ఉంది. అదే చిరాకు, నిజంగానే అందంగా ఉంది. అదే తేనె గోధుమరంగు, భుజం దగ్గర నుంచి నల్లటి రంగు జారు ఒకటి కిందికి దిగి, సరిగ్గా ఆగవలసిన చోట, బొట్టులా ఆగింది.

"ఈ జారు చూడండి. ఇది నేను చేసింది కాదు. నిప్పు చేసింది. నేను పక్కకి తప్పుకున్నాను, అంతే. చేతివృత్తి సౌందర్యమంటే అదే, 'నేను' అన్నది లేకపోవడం. వాడకంలోంచి పుట్టే అందం" అని, జాడీని మెల్లగా తిరగేసి, అడుగున తన ముద్ర ఎక్కడుందో చూపించాడు.

"నిప్పు చేస్తే ముద్ర నిప్పుది ఉండాలిగా, యసోజిగారూ?" అంది హత్సుయే, నోట్లో అన్నంతోనే.

"అబ్బే, అది... కొనేవాళ్ళు అడుగుతారండి."

"చచ్చినవాళ్ళు కూడా అడుగుతారా?"

"అత్తయ్యా" అంది చిగుసా.

వాడకంలోంచి పుట్టే అందం. పాఠ్యపుస్తకంలో కూడా ఆ మాట ఉంది, చేతిపనుల మీద ఒక పాఠం, పాఠం చివర ప్రశ్న, రచయిత దేనిని అందం అంటున్నాడు? వాడకంలోంచి పుట్టేదాన్ని. సరైన జవాబు. ఏటా తరగతి తరగతంతా అదే జవాబు రాస్తుంది, ఏటా తను గుండ్రంగా సున్నా చుట్టి ఒప్పు పెడతాడు, ఆ పిల్లల్లో ఒక్కరి ఇంట్లో చేత్తో చేసిన గంపో చేటో లేదు, ఉన్నా గోడకి వేలాడుతుంది. మాటని అలా నమిలి నమిలి ఉమ్మేసిన చెరకు పిప్పి చేశారు. మిసావో ఆ మాట ఎన్నడూ వాడలేదు. ఆ జారుని ఆమె ఒక్కసారి చూసి ఉంటే ఏమనేదో తెలుసు, అన్నగారి పాత జాడీలని చూసి అంది కూడా, "అద్దం చూసుకుని కారింది ఇది" అని. వాళ్ళ నాన్న జాడీల మీదా జారులు ఉండేవి, ఆయన వాటిని చూసేవాడు కాదు. రేడియోలో గుర్రప్పందేలు వింటూ, పెళ్ళాంతో ఉప్పు ధర గురించి తగువాడుతూ, జాడీని పాదం దగ్గర పట్టుకుని రంగునీళ్ళ తొట్టిలో తలకిందులుగా ముంచి, తీసి, పక్కన పెట్టి, ఇంకోటి. పట్టుకున్న చోట వేళ్ళ కింద రంగు పడదు, అక్కడ మట్టి మట్టిగానే ఉండిపోతుంది, మూడు బోడి మచ్చలు. చిన్నప్పుడు మిసావో పని తడి గుడ్డతో జాడీ పాదం తుడవడం. తుడుస్తూ ఆ మచ్చల్లో తన వేళ్ళు పెట్టి చూసుకునేదట, పెద్దయ్యాక సరిపోతాయేమోనని. వంటింట్లో జాడీని పక్కకి జరపాల్సి వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి చూడకుండానే ఆ మచ్చల మీదికి పోయేది. యసోజి కొత్త జాడీ పాదం దగ్గరా మూడు మచ్చలున్నాయి. ఎంత చక్కగా ఉన్నాయి, సమానంగా, పువ్వు రేకుల్లా. అతను ఇప్పుడు రంగు ముంచడు, యంత్రంతో చల్లుతాడు. మచ్చలు తరవాత గీకి పెడతాడు. ప్లాస్టిక్ ఆకు, అనుకున్నాడు కుజే.

ఆమెకైతే ఇలాంటివి చూస్తే నవ్వు వచ్చేది. ప్రదర్శనశాల తెరిచిన రోజు, యసోజి పెద్దలని పిలిచాడు, టోక్యో నుంచి పట్టు బట్టల ఆడవాళ్ళు వచ్చారు, గది మధ్యలో దీపం కింద ఒక పెద్ద పాత బాన, దాన్నిండా మంచు కామెలియా కొమ్మలు. ఆడవాళ్ళు వంగి, కళ్ళు సగం మూసి, బాన అంచుకి ముక్కు ఆనించి, "ఎంత గంభీరం, ఎంత మౌనం" అంటున్నారు. మిసావో కుజే చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయి, కాఫీ గది వెనక గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని, కన్నీళ్ళు కారేదాకా నవ్వింది. "అది మరుగుదొడ్డి కింద పాతే బానండీ! మా నాయనమ్మ వాళ్ళ దొడ్లోది! అన్నయ్యకీ తెలుసు!" ఎవరికైనా చెప్దామా అంటే వద్దంది. బానకేం తెలుసు, అంది. ఏం పోశారో బానకి తెలియదు, పప్పు ముద్ద పోసినా, పేడ పోసినా నాన్నది ఒకటే మట్టి, ఒకటే రంగు, ఒకటే శ్రద్ధ. పువ్వులు పెడితే పాపం పువ్వులూ మోస్తుంది. నవ్వు ఆగాక, ముక్కు తుడుచుకుంటూ, ఇంకో మాట అంది, "ఖాళీగా పెట్టి దీపం వెయ్యలేదు, అదే నయం." ఆ నవ్వు ఇప్పుడు కింద ఇనుప తలుపు వెనక ఏమవుతోంది? నవ్వు ఎముకలో ఉంటుందా, మాంసంలో ఉంటుందా? కుజే టీ గ్లాసు ఎత్తాడు. కాయితం గ్లాసు. పెదవికి తడి కాయితం తగిలింది. దించాడు.

యసోజి పక్కన వచ్చి కూర్చున్నాడు, గొంతు తగ్గించాడు. "బావా, ఈ సమయంలో అడగకూడదు, అయినా మళ్ళీ ఎప్పుడు కలుస్తామో. చెల్లి దగ్గర నాన్న జాడీ ఒకటి ఉండాలి, ఊరగాయది. శరత్కాలంలో నాన్న పేరు మీద పెద్ద ప్రదర్శన పెడుతున్నాను. ఆయన చేసినవన్నీ జనం వాడి పగలగొట్టేశారు. చెక్కు చెదరనిది అదొక్కటే."

"చెక్కు చెదరకుండా లేదు బావగారూ. మూత లేదు."

"మూత నేను చేయిస్తాను. ఊరికే తీసుకెళ్ళడం కాదులే ఇది, నేనూ చెల్లి కోసం ఒకటి తెచ్చాను కదా. అక్కడ గాజు పెట్టెలో, చక్కటి దీపం కింద, 'కుజే మిసావో వాడినది' అని రాయిస్తాను. లోపల ఏవైనా ఉంటే పారబోసి, వేణ్ణీళ్ళు పోసి పంపించు. వాసన మాత్రం ఉండకూడదు. తడున్నా గాజు లోపల ఆవిరి పడుతుంది."

పారబోసి. ఆ మాట కింద గీత దానంతట అదే పడింది. పారబోస్తే ఎక్కడికి, తొట్టిలోకా, ఎర్ర నీళ్ళు గిరగిర తిరిగి గొట్టంలోకి, కాయలు నల్ల సంచిలోకి, సోమవారం చెత్త బండిలోకి. ఆమె చేతులు ఒక్కొక్క కాయ ముచ్చిక వెదురుపుల్లతో తీసినవి. అవి పారబోసి, జాడీ వాసన చంపి, ఖాళీగా పెట్టి దీపం వెయ్యడం. బాన సంగతి చెప్పి ఇతని మొహం మీద నవ్వాలనిపించింది, మిసావో నవ్విన నవ్వే నవ్వాలనిపించింది, అది తన గొంతులో పట్టదు. ఇవ్వనని చెప్పడానికి తనకేం హక్కు? వాళ్ళ నాన్న చేసింది. తను దాన్ని ఏం చేస్తున్నాడు గనక, ముక్కు మూసుకుని పళ్ళెం కప్పేయడం తప్ప? ఇతనికైతే కనీసం కావాలి. నిజం చెప్పాలంటే ఇవాళ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆ జాడీ ఉన్న గదిలో ఒక్కడే కూర్చోవడం తలుచుకుంటే, తీసుకుపొమ్మనే మాట నాలుక చివర దాకా వచ్చింది. తీసుకుపోతే ఇల్లు శుభ్రం. తలుపులా, తివాచీలా శుభ్రం. "చూద్దాం బావగారూ" అన్నాడు. చూద్దాం అనే మాట, తనే పిల్లలకి చెప్పేవాడు, చూడదలుచుకోనివాడు వాడేది. యసోజి దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని, అతని మోకాలి మీద తట్టి, బీరు పోశాడు. నురుగు అంచుకి వచ్చి, పొరలా ముడతలు పడింది.

తెల్ల చేతితొడుగులు గుమ్మంలో కనిపించాయి. "సిద్ధమైందండి."

కింద గదిలో వేడి. ఈ భవనంలో మొదటిసారి ఏదో ఒకటి గట్టిగా వచ్చి మొహానికి తగిలింది. బల్ల మీద ఆమె లేదు, తెలుపు ఉంది, విరిగిన తెలుపు, అక్కడక్కడ లేత గులాబి మరకలు. కుజేకి భయపడ్డంత ఏవగింపు కలగలేదు, ఆశ్చర్యం, ఎముకలు బట్టీలోంచి తీసిన వస్తువుల్లా ఉన్నాయి, రంగు వెయ్యని మట్టిలా, తడి వేలితో తాకితే అంటుకునేలా ఉన్నాయి. ఒక పుల్ల వెదురుది, ఒక పుల్ల తెల్ల చెక్కది, జత కుదరని పుల్లలు, మామూలు రోజున ఎవరూ అలా పట్టుకోరు. ఇద్దరిద్దరు కలిసి ఒక్కో ముక్క ఎత్తారు, పాదాల నుంచి మొదలుపెట్టి, జాడీలో ఆమె నిలబడి ఉండేలా. మొదట కుజే, యసోజి. ముక్క అంచుకి తగిలి మోగింది. మంచి మోత. బాగా కాలిన జాడీ మోత. తరవాత చిగుసా, హత్సుయే. మళ్ళీ కుజే. పిక్కల ఎముకలు, మోకాళ్ళు, తొడ ఎముకలు, నడుము. అంతలో ఎముకలు జాడీ మెడ దాకా వచ్చాయి.

"ఇక గొంతు ఎముక, తల చిప్ప. మూత పెట్టేద్దాం" అన్నాడు యసోజి.

ఉద్యోగి బల్ల వైపు చూశాడు. బల్ల మీద ఇంకా సగానికి పైగా ఉంది. "ఇంకా ఉన్నాయండి."

"అవును. అవి మీరు ఉంచుకుంటారు కదా?"

"మా వైపు మొత్తం తీసుకెళ్ళాలండి. చివరి పొడి దాకా ఊడ్చి ఇస్తాం."

"ఊడ్చి?" యసోజి పుల్లలు గాలిలో ఆగిపోయాయి.

"మరి సగం మనిషిని ఇక్కడ వదిలేసి పోదామనుకున్నారా?" అంది హత్సుయే. "ఏం మనుషులయ్యా మీరు."

"మా ఊళ్ళో అంతేనండీ. అమ్మకీ అంతే, నాన్నకీ అంతే. ముఖ్యమైనవి తీసుకుంటాం, మిగిలింది కొండ మట్టిలో కలిపేస్తారు..." అతను జాడీ వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు. "నేను కొలవలేదు. ఇంత అని... చేతికి తెలుసు కదా అని కొలవలేదు."

ఉద్యోగి మెల్లగా, అలవాటైన మర్యాదతో, ఒక చిన్న చెక్క కర్ర తీశాడు. "కొంచెం నొక్కితే ఇంకా కొన్ని పడతాయండి. లేదంటే మా దగ్గర తెల్లది పెద్దది ఉంది."

"నొక్కద్దు" అన్నాడు కుజే. గొంతు తను అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. యసోజి మొహం ఎర్రబడి, ఆ తరవాత మట్టి రంగుకి తిరిగింది. ఇస్త్రీ మడతల్లోంచి ఒక ముసలివాడు బయటికి వచ్చి నిలబడ్డట్టుంది. చేతికి తెలుసు కదా అని కొలవలేదు. కుజేకి ఆ మాట చెవిలో ఉండిపోయింది, దాని కింద గీత పడలేదు. ఆ జాడీలో జారుని ఇతను ఆలోచించాడు, మచ్చలని ఆలోచించాడు, ముద్రని ఆలోచించాడు. ఆలోచించనిది ఒక్క కొలత. అది అమ్మ నుంచి, నాన్న నుంచి, వాళ్ళ వాళ్ళ నుంచి చేతిలోకి వచ్చి, అడగకుండా జాడీలోకి వెళ్ళిపోయింది. ఆ జాడీలో వాళ్ళ నాన్న చేసినట్టు చేసింది అదొక్కటే. అది తప్పయింది.

"రెండుగా విడగొట్టి తీసుకెళ్ళడం ఉందా?" అని అడిగాడు కుజే.

"ఉందండి. చాలామంది చేస్తారు."

"అయితే ఇది వాళ్ళ ఊరికి. మీ కొండ మీద పెట్టండి బావగారూ, మీ లెక్కకి ఇందులో మనిషి మొత్తం ఉన్నట్టే. మిగిలింది నాతో వస్తుంది. గొంతు ఎముక మాత్రం నా దగ్గర ఉండనివ్వండి."

యసోజి తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. పుల్లలు పట్టుకోవడం చేతకానివాడిలా పట్టుకుని, తల చిప్ప ముక్క ఒకటి కుజేతో కలిసి ఎత్తి తన జాడీలో పెట్టాడు. తెల్ల పాత్ర వచ్చింది. నున్నగా, అచ్చులో పోసింది, ఏ చెయ్యీ తగలనిది, స్నానాల గది గోడలా మెరిసేది. ఉద్యోగి మిగిలినవన్నీ అందులో చేర్చి, ఊడ్చి, చివర గొంతు ఎముక ఎత్తి చూపించాడు, చేతులు జోడించి కూర్చున్న బుద్ధుడిలా ఉంటుందిగా, అదిగో. పైన పెట్టి మూత వేశాడు. మూత కూడా చప్పుడు చెయ్యలేదు.

బయటి వసారాలో యసోజి తన జాడీని పెట్టెలో పెట్టుకోలేదు. చంకకి ఆనించి, అడుగున పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళు మూడూ గీకి పెట్టిన మచ్చల మీదే ఉన్నాయి. "పెట్టె మరిచిపోతున్నారు" అంది హత్సుయే, ఖాళీ పెట్టెని వాసన చూస్తూ.

"వేడిగా ఉందండి ఇది. పట్టుకునే వస్తాను."

"అయితే ఇది నేను తీసుకోనా? కిరి చెక్క, బియ్యం పోసుకుంటే పురుగు పట్టదు."

"పోసుకోండి" అన్నాడు యసోజి. పెట్టె మూత మీద అతను పెద్ద కుంచెతో రాసుకొచ్చిన పేరు ఉంది. హత్సుయే దాన్ని చంకలో లోపలి వైపుకి తిప్పి పెట్టుకుంది.

కుజే అతని పక్కకి వెళ్ళాడు. ఇప్పుడు కాకపోతే మరి చెప్పలేడు. "బావగారూ, ఆ ఊరగాయ జాడీ ఇవ్వలేను. అందులో కాయలున్నాయి. ఈ జూన్‌లో వేసినవి."

"ఎండబెట్టావా?" అన్నాడు యసోజి వెంటనే. గొంతులో ప్రదర్శనశాల లేదు.

"లేదు. బూజు పట్టింది."

"ఏపాటి బూజు? నల్లదా, తెల్లదా?"

"తెల్లది. చాలా ఉంది. వాసన..." అని ఆపేశాడు. "చూడలేకపోయాను."

"తెల్లదైతే ఏమీ కాదయ్యా! నల్లది అన్నావంటే అప్పుడు ఏడుద్దాం. పైది తీసి పారెయ్. చెయ్యి పెట్టే తియ్యి, గరిటె పెడితే ముక్కలై లోపలికి పోతుంది. ఆ పులుసు ఒక పొంగు కాచి చల్లార్చు. కాయల్ని సారాయితో కడిగి మూడు రోజులు ఎండకి పెట్టు. మా అమ్మ ఏటా ఏదో ఒక జాడీకి ఈ తద్దినం పెట్టేది, చెల్లీ నేనూ ముక్కుకి గుడ్డ కట్టుకుని బూజు తీసేవాళ్ళం. ఛీ, ఛీ అనుకుంటూ. అది ఎక్కడ నా మొహానికి పూస్తుందోనని పరిగెత్తేవాణ్ణి." నవ్వాడు, నవ్వు మధ్యలో ఆగిపోయింది. జాడీని ఇంకో చంకకి మార్చుకున్నాడు. "అదీ ఛీ అనుకునేది, బావా. దానికీ అసహ్యమే. అదను దాటిపోయాక పెట్టినా పనికొస్తాయి. ఎండే ముఖ్యం."

వ్యాను ముందు సీట్లో కుజే తెల్ల పాత్రని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. బంగారు దారాల ముసుగు తొడిగారు దానికి, అది గుచ్చుకుంటోంది. వెనక చిగుసా పేరు పలక పట్టుకుంది, హత్సుయే పెట్టెని, యసోజి తన జాడీని. ముసుగు మీదుగా కూడా వేడి తొడలకి తగులుతోంది. అసహ్యమైన పాత్ర. నున్నటిది, మూగది, ఎక్కడ పట్టుకోవాలో చెప్పనిది. కానీ బానకేం తెలుసు. ఏం పోశారో బానకి తెలియదు. ఆసుపత్రిలో, గొట్టాల మధ్య, మాట సగమై పోయాక కూడా, తను వెళ్ళగానే రోజూ ఒకటే అడిగేది, ఎండ ఎలా ఉంది? తనేమో నుదుటి చెమట తుడుచుకుంటూ, మాడ్చేస్తోంది, నీకేం, ఇక్కడ చల్లగా ఉంది, అనేవాడు. ఆమె కళ్ళు మూసుకునేది. మర్నాడు మళ్ళీ అడిగేది. ఎండ ఎలా ఉంది? ఆమెని గురించి కాదు, తనని గురించీ కాదు. ఈ గొంతు ఎముకే అడిగింది. తొట్టి కింద నీడలో జాడీ, మేడ మీద గోడకి తగిలించిన వెదురు తట్టలు, తట్టల మీద దుమ్ము. కాయలు ఎండబెట్టమని నేరుగా అడగలేదు. అడిగితే, ఆమె పోతుంటే తను ఊరగాయ ఎండబెడుతూ కూర్చోవాలి కదా. కుజే నోటి నిండా ఉప్పనీరు ఊరింది. బూజు వాసన మళ్ళీ దవడల కిందికి వచ్చి కూర్చుంది, ఉమ్మాలనిపించింది, మింగాడు. ముందు పళ్ళెం తియ్యాలి. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడవాలి. చెయ్యి పెట్టే తియ్యాలి. వ్యాను అద్దం అవతల రోడ్డు తెల్లగా మండుతోంది, కరెంటు తీగల నీడలు నేల మీద కత్తిరించినట్టున్నాయి.

"ఎండ బాగుంది" అన్నాడు, పైకే.

"అవునండి" అన్నాడు డ్రైవరు, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "వారమంతా వాన లేదంటున్నారు."